ఇంట్లో పాత వాల్వు రేడియో బాగుచేసుకోవడం: మనవైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, ఏ ఊళ్లో పాత మిద్దె ఇల్లు ఖాళీ చేసినా అటక మీద నుంచి ఒక మర్ఫీయో ఫిలిప్సో బుష్షో హెచ్ఎంవీయో దిగుతూనే ఉంది. దించిన వెంటనే అందరికీ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే, అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇది ట్రాన్సిస్టర్ రేడియోల గురించి కాదు, లోపల గాజు వాల్వులు వెలిగే సెట్ల గురించి. సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టని వాళ్లు ముందు పాత అడాప్టర్ బోర్డు మీద నాలుగు రోజులు చేయి తిప్పుకుని రండి. ఈ సెట్లలో 200 నుంచి 250 వోల్టుల డీసీ తిరుగుతుంటుంది, నేర్చుకోవడానికి ఇది చోటు కాదు.

ఇప్పుడే కిందికి దించాం. ఒక్కసారి ప్లగ్గు పెట్టి పలుకుతుందో లేదో చూడొచ్చా?

వద్దు. ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క మాట వినండి. ముప్పై నలభై ఏళ్లు ఊరికే పడున్న సెట్టు చాలావరకు బాగుచేయదగ్గ స్థితిలోనే ఉంటుంది, దాన్ని నిజంగా పాడుచేసేది ఆ మొదటి అయిదు నిమిషాల ఆత్రమే. లోపల డీసీని సాఫు చేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి షార్ట్ అయి ఉంటాయి. కాగితం కండెన్సర్లు తేమ పీల్చి లీకవుతుంటాయి. నేరుగా 230 వోల్టులు ఇచ్చామంటే ముందు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ వాల్వు, దాని వెనక పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. కండెన్సర్ అంగట్లో దొరుకుతుంది, ఆ మోడల్ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు, చుట్టించుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఆశగా పక్కనే కూర్చున్నా సరే, ప్లగ్గు మాత్రం పెట్టకండి.

మా నాయన "ఆ సెట్టు ముట్టుకుంటే షాక్ కొడుతుంది" అనేవాడు. నిజమేనా?

నిజం కావచ్చు. ఏసీ/డీసీ సెట్లు అని ఒక రకం ఉంది, అందులో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే, అంటే భాగాలన్నీ బిగించిన లోపలి ఇనప రేకుకే కలిపి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజ్ అయిపోతుంది. నాబ్ ఊడిపోయి ఇనప కడ్డీ బయటికి కనిపిస్తుంటే దాన్ని పట్టుకున్నవాళ్లకి షాక్ తప్పదు.

గుర్తుపట్టడం ఇలా. వాల్వుల పేర్లు చూడండి. యూసీహెచ్ 81, యూబీఎఫ్ 89, యూసీఎల్ 82, యూవై 85 అని "యూ"తో మొదలైతే ఏసీ/డీసీ సెట్టు. ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈసీఎల్ 82 లేదా ఈఎల్ 84, ఈజెడ్ 80 అని ఉంటే మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు. పేర్లని మాత్రమే నమ్ముకోకుండా మీటర్‌తో కూడా చూడండి: ప్లగ్గు సాకెట్లో లేకుండా, రేడియో స్విచ్ ఆన్‌లో పెట్టి, ప్లగ్గు పిన్నుకీ ఛాసిస్‌కీ మధ్య ఓమ్స్ కొలవండి. ఏదో ఒక పిన్నుకి సున్నా దగ్గర చూపిస్తే అది కరెంటున్న ఛాసిస్సే, ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లు కూడా ఈ పరీక్షలోనే దొరికిపోతాయి.

ఏసీ/డీసీ సెట్టయితే సెట్టుని మెయిన్ కరెంటు నుంచి విడదీసే 230కి 230 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. వంద, నూట యాభై వీఏ ఉన్నది చాలు. రోజూ వాడేటప్పుడు మూడు పిన్నుల ప్లగ్గు వేసి ఛాసిస్ వైపు న్యూట్రల్ వచ్చేలా కలపండి, సాకెట్లో ఫేజ్ ఎటుందో టెస్టర్‌తో చూసుకున్నాకే. అంతేగానీ ఆ ఛాసిస్‌ని ఇంటి ఎర్త్‌కి మాత్రం ఎప్పుడూ కలపకూడదు. ఏరియల్ సాకెట్‌కీ ఎర్త్ సాకెట్‌కీ లోపల ఉండే కండెన్సర్లు మార్చాల్సివస్తే వై క్లాస్ సేఫ్టీ కండెన్సర్లే వేయండి, మామూలువి వేస్తే అవి షార్టయిన రోజు మిద్దె మీది ఏరియల్ తీగకి కరెంటు వస్తుంది.

ఏమేం సామాన్లు కావాలి?

డిజిటల్ మల్టీమీటర్, 25 నుంచి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మంచి లెడ్డు (సోల్డర్), కటింగ్ ప్లేయర్, మెత్తటి పెయింట్ బ్రష్షు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సిరీస్ బల్బు బోర్డు. వీటితో పాటు 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి రెండు క్లిప్పులకి బిగించి పెట్టుకోండి. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది, చేయి పెట్టే ముందు ప్రతిసారీ దీన్ని కాసేపు తాకించి, మీటర్‌తో చూసి, అప్పుడే ముట్టుకోవాలి. ఉంగరాలు, వాచీ తీసేయండి. కరెంటు ఉన్నప్పుడు కొలతలు తీస్తుంటే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని చేయొద్దు.

సిరీస్ బల్బు ఎందుకు? ఎల్ఈడీ పెట్టొచ్చా?

ఎల్ఈడీ పనికిరాదు, పాత ఫిలమెంట్ బల్బే కావాలి, 60 లేదా 100 వాట్లది. దాన్ని ఫేజ్ తీగలో రేడియోకి వరసగా కలుపుతాం. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, రేడియోకి హాని జరగదు. అంతా సరిగా ఉంటే మొదట కాస్త గట్టిగా వెలిగి, తర్వాత తగ్గి, ఎర్రగా మిణుకుమంటూ నిలబడుతుంది. ఎలక్ట్రికల్ అంగట్లో హోల్డరు, చెక్కబోర్డు, సాకెట్ కొని ఎవరైనా కట్టుకోవచ్చు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రక్షణ ఇచ్చే పరికరం ఈ పనిలో ఇంకోటి లేదు.

విప్పగానే మొదట ఏం చేయాలి?

ఫోటోలు తీయండి. పైన, కింద, పక్కల నుంచి, డయల్ దారం ఎటు నుంచి ఎటు పోయిందో, ఏ వాల్వు ఏ బేస్‌లో (వాల్వు గుచ్చే సాకెట్‌లో) ఉందో, ఏ రంగు తీగ ఎక్కడుందో అన్నీ. తర్వాత ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. బల్లి గుడ్లు, బొద్దింకల చెత్త, ఎలుక కొరికిన తీగలు మామూలే. ముక్కుకి మాస్కు పెట్టుకోండి. కొన్ని సెట్లలో వేడి తగిలే చోట తెల్లగా, అట్టలా, పీచుపీచుగా ఒక ముక్క అతికించి ఉంటుంది, అది ఆస్బెస్టాస్ కావచ్చు కాబట్టి గీకొద్దు, అలాగే ఉంచండి. వాల్వుల మీది అక్షరాలు తడిగుడ్డ తగిలితేనే చెరిగిపోతాయి, గాజు తుడవకండి, లేదంటే ఏది ఏ వాల్వో తెలియకుండా పోతుంది. రబ్బరు తొడుగున్న తీగలు వంచితే పెళుసుగా విరుగుతుంటాయి, వాటిని మార్చేయాలి, ముఖ్యంగా మెయిన్ తీగ. వెనక వోల్టేజీ మార్చే ప్లేటుంటే 200 దగ్గరో 220 దగ్గరో ఉన్నదాన్ని 240 లేదా 250కి జరపండి. చాలా సెట్లలో ఫ్యూజే ఉండదు, ఏసీ సెట్టుకి ఒక ఫ్యూజ్ హోల్డర్ పెట్టి 500 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు వేస్తే మంచిది.

ఏ కండెన్సర్లు మార్చాలి, ఏవి వదిలేయాలి?

మొత్తం పనిలో అసలు విషయం ఇదే. నూటికి ఎనభై మంది "వాల్వు పోయిందేమో" అని మొదలుపెడతారు గానీ ఎక్కువసార్లు దొంగ కండెన్సరే.

మార్చాల్సినవి: మైనం పూసిన కాగితం గొట్టాలు, తారు పూసినట్టు నల్లగా ఉండే గొట్టాలు, ఎలక్ట్రోలైటిక్‌లు అన్నీ. వదిలేయాల్సినవి: గోధుమరంగు బిళ్లల్లాంటి మైకా కండెన్సర్లు, సిరామిక్‌లు. ఇవి అరుదుగా పోతాయి, పైగా ట్యూనింగ్‌తో ముడిపడి ఉంటాయి, ఊరికే కదిలిస్తే డయల్ మీద స్టేషన్ల చోటే మారిపోతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కప్లింగ్ కండెన్సర్. ఆడియో మొదటి వాల్వు ప్లేటు (సిగ్నల్ బయటికి వచ్చే పిన్ను) నుంచి, స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికి పోయే పిన్నుకి) పోయేది, సాధారణంగా 0.01 లేదా 0.02 మైక్రోఫారాడ్. వేలెడంత గొట్టం, రెండు చివర్లా మైనం కారి దుమ్ము అతుక్కుని ఉంటుంది, చూడ్డానికి ఏమీ కానట్టే ఉంటుంది. అది కాస్త లీకైనా చాలు, అవతలివైపు డీసీ గ్రిడ్ మీదికి వస్తుంది, అవుట్‌పుట్ వాల్వు అదుపు తప్పి కరెంటు లాగుతుంది, రేడియో అరగంట బాగానే పలికి ఆ తర్వాత గొంతు బొంగురుపోతుంది, ఇంకొంచెం వదిలేస్తే వాల్వూ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ రెండూ పోతాయి. కండెన్సర్లు ఇంకేవీ మార్చనివాళ్లు కూడా దీన్ని మాత్రం మార్చి తీరాలి. మార్చాక గ్రిడ్‌కీ ఛాసిస్‌కీ మధ్య డీసీ కొలవండి. ఈసీఎల్ 82, ఈఎల్ 84 ఉన్న మామూలు సెట్లలో సున్నా దగ్గరే ఉండాలి, ప్లస్‌లో వోల్టు రెండు వోల్టులు చూపిస్తే కొత్తదో, బేసో, వాల్వో ఇంకా ఏదో లీకవుతోందని అర్థం.

కొత్తవి 630 వోల్టుల పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం తీసుకోండి. పాత 0.02కి 0.022, 0.05కి 0.047 వేస్తే సరిపోతుంది. ఒకేసారి అన్నీ కత్తిరించి పడేయకండి. ఒకటి తీయండి, అదే చోట ఒకటి వేయండి, ఫోటోతో సరిచూడండి, తర్వాతిదానికి పోండి. కనెక్షన్ తప్పిన సెట్టులో తప్పు ఎక్కడుందో వెతకడం, మొదట్నుంచి బాగుచేయడం కంటే కష్టం.

రెసిస్టర్ల సంగతి తొందరగా చెప్పేస్తాను: పాత కార్బన్‌వి వయసుతో విలువ పెరుగుతాయి, రాసిన విలువకి 20 శాతం దాటి ఉంటే మార్చండి, లేకపోతే ముట్టుకోకండి.

పెద్ద అల్యూమినియం డబ్బా కండెన్సర్‌ని ఏం చేయాలి?

డబ్బాని అక్కడే ఉంచండి, సెట్టు రూపం చెడకూడదు. దాని తీగలు మాత్రం విడదీసి, కొత్త కండెన్సర్లని ఛాసిస్ అడుగున వేయండి. పాతదానికి కొత్తదాన్ని పక్కన కలిపేసి వదిలేసే అలవాటు కొంతమంది మెకానిక్కులకుంది, అది తప్పు, లోపల పాతది లీకవుతూనే ఉంటుంది. 32 మైక్రోఫారాడ్ ఉన్నచోట 33 లేదా 47 మైక్రోఫారాడ్, 450 వోల్టులది చాలు. "ఎక్కువ వేస్తే హమ్ (గుయ్యిమనే మోత) పూర్తిగా పోతుంది కదా" అని వంద, రెండొందలు వేయకండి. రెక్టిఫైయర్ వాల్వుకి ఒక హద్దు ఉంటుంది, ఈజెడ్ 80కి అది 50 మైక్రోఫారాడ్. డబ్బా మైనస్ నేరుగా ఛాసిస్‌కే పోతోందా, మధ్యలో ఒక రెసిస్టర్ ఉందా అన్నది కూడా చూసుకోండి. కొన్ని సెట్లలో ఆ రెసిస్టర్ నుంచే బయాస్ వోల్టేజీ (అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి కావాల్సిన మైనస్ వోల్టేజీ) తీస్తారు, కొత్తదాని మైనస్ కూడా అదే పాయింట్‌కి పోవాలి.

వాల్వులు బాగున్నాయో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

పూర్తిగా తెలియాలంటే టెస్టర్ కావాలి, కానీ మొదటి పరీక్ష మీటర్‌తోనే అయిపోతుంది. తొమ్మిది పిన్నుల వాల్వుల్లో, అంటే ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈసీఎల్ 82, ఈఎల్ 84, ఈజెడ్ 80లలో, హీటర్ 4, 5 పిన్నుల మధ్య ఉంటుంది. మీటర్‌లో కంటిన్యూటీ (తీగ తెగలేదన్న గుర్తు) చూపిస్తే హీటర్ బాగున్నట్టే. గాజు పైభాగంలో వెండిరంగు మచ్చ తెల్లగా మారితే లోపలికి గాలి దూరింది, ఆ వాల్వు ఇక పనికిరాదు. ఏసీ/డీసీ సెట్లలో హీటర్లన్నీ వరసగా కలిపి ఉంటాయి, ఒక్కటి పోతే అన్నీ ఆరిపోతాయి, "అన్ని వాల్వులూ పోయాయి" అని కంగారు పడకండి.

వాల్వులు, విడిభాగాలు మనవైపు దొరుకుతాయా?

కండెన్సర్లు, రెసిస్టర్లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో అడిగి చూడండి, 630 వోల్టులవి అని గట్టిగా చెప్పండి, లేకపోతే 100 వోల్టులవి చేతిలో పెట్టి పంపుతారు. అక్కడ లేకపోతే తిరుపతి వాళ్లకి చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర, పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగి రావచ్చు. పలమనేరు, చిత్తూరు వాళ్లకి బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటే. వాల్వుల కోసం పాత సామాన్ల అంగళ్లు, మూసేసిన రేడియో షాపుల వాళ్ల ఇళ్లు అడగడం మంచి మార్గం, వాళ్ల పెట్టెల్లో ఇంకా ఉంటాయి. ఒకప్పుడు బెంగళూరులో బీఈఎల్ వాళ్లు రేడియో వాల్వులు తయారుచేశారు, బీఈఎల్ అని రాసి ఉన్న ఈసీఎల్ 82ని ఫిలిప్స్ వాల్వు చోట నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

అన్నీ మార్చాను. ఇప్పుడు ఆన్ చేస్తే ఏం చూడాలి?

సిరీస్ బల్బు మీదే ఆన్ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయితే ముందు రెక్టిఫైయర్ వాల్వు పీకి ఒక పది నిమిషాలు ఉంచండి, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కకుండా వాసన రాకుండా ఉంటే వాల్వు పెట్టండి. స్పీకర్ కలపకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రమాదం. అర నిమిషం దాకా శబ్దం రాదు, వాల్వులు వేడెక్కాలి. బల్బు మీద ఉన్నప్పుడు వోల్టేజీ తక్కువగా ఉంటుంది కాబట్టి బలహీనంగా పలకడం సహజం.

గట్టిగా "గుయ్య్" మని హమ్ వస్తుంటే ఫిల్టర్ కండెన్సర్ వైపు చూడండి. హమ్ కూడా లేకుండా పూర్తి నిశ్శబ్దంగా ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగిందేమో కొలవండి, కొన్ని వందల ఓమ్స్ చూపించాలి. వాల్యూమ్ తిప్పుతుంటే కరకర అంటే కంట్రోల్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. బ్యాండ్ స్విచ్‌కి కూడా అదే. కొబ్బరినూనె, మిషను నూనె, కిరోసిన్ వేయొద్దు. వేసిన రోజు బాగానే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిగటై స్విచ్ పూర్తిగా పాడవుతుంది.

ఐఎఫ్‌టీల్లో (స్టేషన్ సిగ్నల్‌ని ఏరే చిన్న డబ్బాల్లో) స్క్రూలు తిప్పితే స్టేషన్లు బాగా వస్తాయంటున్నారు?

తిప్పకండి. సిగ్నల్ జనరేటర్ లేకుండా తిప్పితే ఉన్నది కూడా పోతుంది, లోపలి ఫెర్రైట్ ముక్క పగిలితే బయటికి తీయడం మహా కష్టం.

ఇంతా చేస్తే తిరుపతి స్టేషన్ రావడం లేదేంటి?

రాదు. తిరుపతి ఆకాశవాణి 103.2 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం. మన ఇళ్లలోని పాత సెట్లలో చాలావాటికి మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉంటాయి. మీడియం వేవ్‌లో మనవైపు వెతకాల్సినవి కడప 900, చెన్నై 720, పడమటి వైపు పలమనేరు, కుప్పం వాళ్లయితే బెంగళూరు 612 కిలోహెర్ట్జ్. చీకటి పడ్డాక విజయవాడ 837, హైదరాబాద్ 738 దగ్గర కూడా చెవి పెట్టండి, రాత్రిపూట మీడియం వేవ్ దూరం పోతుంది. ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు చాలాచోట్ల ఆపేస్తూ వస్తోంది, అందుకని ఒక స్టేషన్ వినపడకపోతే వెంటనే రేడియోని అనుమానించకుండా ఇంకో రెండు ఫ్రీక్వెన్సీలు చూడండి. ఈ కారణంగానే నేను అందరికీ చెప్పేది, బాగుచేసుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే చేయండి, పలికించడానికి గాలిలో ఇంకా ఏదో ఉన్నప్పుడే.

ఏరియల్ లేకుండా ఈ సెట్లు పలకవు. మిద్దె మీద పది పదిహేను మీటర్ల ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ కట్టి కిందికి దించండి, కరెంటు తీగలకి దూరంగా. తిరుపతి కొర్లగుంటలాంటి ఇరుకు వీధుల్లో ఎల్ఈడీ బల్బులు, మొబైల్ ఛార్జర్లు, ఇన్వర్టర్ల బుర్రుబుర్రు చాలా ఉంటుంది. ఇంట్లో ఒక్కొక్కటీ ఆపుతూ చూడండి, దొంగ దొరుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఉరుములు మొదలవగానే ఏరియల్ పీకేయండి.

డయల్ అద్దం మురికిగా ఉంది, కడగొచ్చా?

ముందువైపు మాత్రమే, తడిపి పిండిన గుడ్డతో. స్టేషన్ల పేర్లు అద్దం వెనకవైపు రంగుతో అచ్చేసి ఉంటాయి. సబ్బునీళ్లు, అద్దాలు తుడిచే స్ప్రే తగిలితే కొలంబో, ఢిల్లీ, మద్రాసు అన్నీ ఒక్క తుడుపుతో గుడ్డకి వచ్చేస్తాయి. వెనకవైపు పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి వదిలేయండి, ఆ మాత్రం మసక ఉన్నా నష్టం లేదు. డయల్ దారం తెగితే కుట్టుదారం వాడొద్దు, జారుతుంది. అల్లిన నైలాన్ దారం తీసుకుని, ట్యూనింగ్ కడ్డీకి రెండు మూడు చుట్లు తిప్పి, స్ప్రింగ్ కాస్త సాగేలా ముడి వేయండి.

చెక్క పెట్టెకి చెదలు పట్టింది. కొత్తగా సన్‌మైకా వేయించేదా?

వేయించకండి, దయచేసి. చెదలు తిన్న చోట మందు కొట్టి, ఆరాక, లేచిన పైపొరని ఫెవికాల్‌తో అతికించి బరువు పెట్టండి. పాలిష్‌కి స్పిరిట్‌లో కరిగించిన లక్కే సరైనది, పాత పనితనం తెలిసిన వడ్రంగిని అడిగితే గుడ్డతో పూస్తాడు. బేకలైట్ పెట్టెకి కారు పాలిష్ చాలు. స్పీకర్ ముందున్న బంగారు జరీ గుడ్డ చిరగకపోతే అదే ఉంచండి.

2021 నవంబరు వరదలో మా సెట్టు నీళ్లలో మునిగింది. ఇక ఆశ లేదా?

ఉంది. కానీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కాగితం తేమ పట్టి ఉంటుంది. వారాల తరబడి ఆరబెట్టాలి, మన ఎండలకి నేరుగా పెట్టకుండా నీడలో గాలి తగిలేచోట. తర్వాత ప్రైమరీకీ ఛాసిస్‌కీ మధ్య ఇన్సులేషన్‌ని మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) కొలిపించండి, మోటార్లు చుట్టేవాళ్ల దగ్గర అది ఉంటుంది. స్పీకర్ కాగితం, ప్లైవుడ్ విచ్చుకుపోయి ఉంటాయి, అవి మార్చాల్సిందే.

లోపలి సరంజామా తీసేసి బ్లూటూత్ పెట్టిస్తే?

పెట్టిన రోజు నుంచి అది రేడియో ఆకారంలో ఉన్న స్పీకర్. లోపలున్నది తిరిగి రాదు. ఫోనులో పాటలు దీంట్లో వినాలంటే దానికి వేరే దారి ఉంది. చాలా ఏసీ సెట్ల వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్లు ఉంటాయి. ఫోను రెండు ఛానెళ్లనీ ఒక్కో కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా ఒకటిగా కలిపి అక్కడికి ఇవ్వండి, ఆ వాల్వు గొంతుతోనే పలుకుతుంది. ఇది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లకి మాత్రమే. ఏసీ/డీసీ సెట్టుకి ఫోను తీగ కలిపితే ఫోనుకీ, పట్టుకున్న మనిషికీ ప్రాణాపాయం.

పెట్టెలో పోస్టాఫీసు ముద్రలున్న చిన్న పుస్తకం దొరికింది, ఏంటది?

రేడియో లైసెన్స్. ఒకప్పుడు రేడియో ఉన్నవాళ్లు ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి, 1980లలో అది తీసేశారు. మొదటి ముద్ర తేదీ చూస్తే మీ ఇంటికి సెట్టు ఎప్పుడు వచ్చిందో దాదాపుగా తెలుస్తుంది. ఆ పుస్తకం తడవకుండా కవర్లో పెట్టి సెట్టుతోనే ఉంచండి.

ముందు వెలిగే పచ్చ కన్ను (స్టేషన్ సరిగ్గా కుదిరిందో చూపే వాల్వు) మసకబారింది. ఎలా బాగుచేయాలి?

బాగుచేయలేం. లోపల వెలిగే పూత వాడకంతో అరిగిపోతుంది. ముందు దాని ప్లేటుకి వెళ్లే రెసిస్టర్ విలువ పెరిగిందేమో కొలవండి, కొన్నిసార్లు అది మార్చితే కాస్త వెలుగు పెరుగుతుంది. కొత్త ఈఎం 80, ఈఎం 81 దొరికితే మార్చుకోవచ్చు, అయితే ఒకదాని చోట ఇంకోటి పెట్టేముందు పిన్నుల అమరిక సరిచూడాలి. దొరకకపోతే అలాగే వాడుకోండి, కన్ను వెలగకపోయినా రేడియో పలకడానికి ఏ అడ్డూ లేదు.